మందుబిళ్ల వెనుక చట్టము, నిర్వహణ

ఒక దేశము ఇతర దేశములతో వర్తకమున పోటీపడి నిలుచుటకు ఏమి కావలెనని అడిగినచో కొందరు గనులు, నదులు, పంటభూములు అందురు. కొందరు చవుక కూలి అందురు. మరికొందరు ప్రభుత్వము వారి చేయూత అందురు. ఈ మాటలలో అంతో ఇంతో నిజము లేకపోలేదు. కాని పరిశ్రమలలో క్రొత్తదనమును పెంపొందించు ప్రభుత్వ విధానమును, పరిశ్రమను నడపువారి నేర్పును ఏ పాళ్లలో కలిసినపుడు ఏ ఫలము వచ్చునో తెలియవలెనన్న, ఒక్క పరిశ్రమను తీసికొని మొదటినుండి చూచుటయే మేలు. అందుకు మన దేశపు ఔషధ పరిశ్రమ కంటె తగినది నాకు తోచలేదు. దాని సరకు ప్రతి యింటి మందుల పెట్టెలోను ఉన్నది. దాని కథలో పెద్ద భాగము హైదరాబాదులో జరిగినది.

ముందుగా ఒక ముచ్చట. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించి, 1948లో ఆ దేశముననే కన్నుమూసిరి. బోదకాలు వ్యాధికి నేటికిని ఇచ్చుచున్న డైఇథైల్ కార్బమజీన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ ఆయన నడిపిన పరిశోధకుల చేతిమీదుగా వచ్చినవే. బోదకాలు గోదావరి తీరమువారికిని, ఒరిస్సా కోస్తావారికిని ఎంత పరిచితమైన బాధయో చెప్పనక్కరలేదు. మందు కనిపెట్టిన బుద్ధి మనది. ఆ మందుపై హక్కు, దానిని చేయు కార్ఖానా, అమ్మగా వచ్చిన లాభము మాత్రము మనవి కావు. ఇందులో ఆ మహనీయుని తప్పేమియు లేదు. ఆ బుద్ధికి చోటు చూపగల ఏర్పాటు ఆనాడు ఈ దేశమున లేదు, అంతే.

అప్పటికి మన దేశమున అమలులో నున్నది 1911 నాటి పేటెంటు చట్టము. పేటెంటు అనగా క్రొత్త వస్తువునుగాని, క్రొత్త పద్ధతినిగాని కనిపెట్టినవారికి కొన్ని సంవత్సరములపాటు ప్రభుత్వమిచ్చు ఏకైక హక్కు. ఇందు రెండు రకములున్నవి. ఈ భేదము తెలియనిచో తరువాతి కథ బోధపడదు. కాకినాడ కాజాను ఉదాహరణగా తీసికొందము. కాజా అను వస్తువుమీదనే ఒక మిఠాయివానికి పేటెంటు ఇచ్చితిరనుకొనుడు. మరియొకడు ఏ విధముగా చేసినను కాజా చేసి అమ్మరాదు. అట్లుగాక, అతడు పిండిని మడతలు పెట్టి పాకము పోయు పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చితిరనుకొనుడు. వేరొక పద్ధతిన అదే రుచి, అదే కాజా తీయగల నేర్పరి నిరభ్యంతరముగా దుకాణము పెట్టుకొనవచ్చును. మొదటిది వస్తువు పేటెంటు, రెండవది పద్ధతి పేటెంటు. 1911 చట్టము క్రింద మందులకు మొదటి రకము రక్షణ దొరకుచుండెను.

దాని ఫలమెట్లున్నదో జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగారుగారు 1959లో ప్రభుత్వమునకు ఇచ్చిన నివేదికలో చూపిరి. ఈ దేశములోని పేటెంట్లలో నూటికి ఎనుబది, తొంబది వరకు విదేశీయుల చేతులలో నున్నవి. వానిలో నూటికి తొంబదికి పైగా ఇక్కడ ఉత్పత్తికి వినియోగింపబడుటయే లేదు. అనగా, హక్కు పుచ్చుకొన్నవారు ఇక్కడ కార్ఖానా పెట్టరు, పెట్టగలవారిని పెట్టనీయరు, సరకును మాత్రము తమ దేశమునుండి తెచ్చి అమ్ముదురు. ఇంచుమించు ఆ రోజులలోనే అమెరికా సెనేటులో కెఫావర్ ఉపసంఘము ఔషధముల ధరలను విచారించి, కొన్ని మందుల విషయమున ప్రపంచములోనెల్ల హెచ్చు ధరలున్న దేశములలో భారతము ఒకటి అని తేల్చినది. తలసరి ఆదాయములో చిట్టచివర నున్న దేశము, మందుల ధరలో ముందు వరుసన నుండెను!

అయ్యంగారుగారి సలహానుబట్టి పార్లమెంటు 1970లో క్రొత్త పేటెంటు చట్టము చేసినది. అది 1972 ఏప్రిల్ 20వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఆహార పదార్థములకు, ఔషధములకు వస్తువు పేటెంటు తీసివేసి పద్ధతి పేటెంటు మాత్రమే నిలిపిరి. దానికిని గడువు మంజూరునుండి ఐదు సంవత్సరములు లేదా దరఖాస్తునాటినుండి ఏడు సంవత్సరములు, ఏది తక్కువైన అది. ఇక క్రొత్త పద్ధతి కనిపెట్టగలవానికి తలుపు తెరచినట్లే.

మన దేశ ఔషధ పరిశ్రమ చరిత్ర వ్రాయువారిలో పలువురు ఇక్కడనే ఆగి, చట్టము మారినది గనుక పరిశ్రమ పెరిగినదని ముగింతురు. నాకు ఈ లెక్క సరిపోలేదు. బ్రెజిలు దేశము 1945లోనే మందుల వస్తువు పేటెంటును తీసివేసినది. తరువాత పద్ధతి పేటెంటును సయితము తీసివేసినది. అనగా తలుపేకాదు, ద్వారబంధము కూడ పెరికివేసినది. అయినను ఆ దేశము మూల ఔషధ ద్రవ్యములకు దిగుమతులపైననే ఆధారపడవలసివచ్చెను. తెరచిన తలుపుగుండ లోనికి నడచుటకు కాళ్లు కావలెను గదా. ఆ కాళ్లు మనకు ఎక్కడనుండి వచ్చినవి?

అవి చట్టమునకు చాల ముందే సిద్ధమగుచుండెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సహాయముతో 1954లో పూనా ప్రక్కన పింప్రీలో హిందూస్థాన్ యాంటీబయాటిక్స్ అను ప్రభుత్వ సంస్థ పెన్సిలిన్ తయారీకి ఏర్పడినది. 1961లో సోవియట్ సహాయముతో ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మస్యూటికల్స్ సంస్థ వెలసినది. దీనిని అందరును ఐ.డి.పి.ఎల్. అందురు. హృషీకేశములో యాంటీబయాటిక్ మందులకు, హైదరాబాదులో రసాయన ఔషధములకు, మద్రాసులో శస్త్రచికిత్సా పరికరములకు కర్మాగారములు కట్టిరి. హైదరాబాదు సంస్థానము 1944లో నెలకొల్పిన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనాలయము 1956లో కేంద్రపు శాస్త్రీయ పరిశోధనా మండలి క్రిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల యైనది. నేడు దానినే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ అందురు. పూనాలో జాతీయ రసాయన ప్రయోగశాల యుండనే యున్నది. వీనిలో పనిచేసి చేయి తిరిగిన రసాయనజ్ఞులు తగినంతమంది ఉండుటచేతనే 1972 నాటి అవకాశము వ్యర్థము కాలేదు.

ఐ.డి.పి.ఎల్. కథ మరికొంత చెప్పవలసియున్నది. పాఠశాలగా అది గొప్ప సంస్థ. వ్యాపారముగా అది నిలువలేదు. ధరలు ప్రభుత్వమే కట్టుచుండెను, ముఖ్య నిర్ణయములు ఢిల్లీనుండి రావలెను, పనికి మించిన సిబ్బంది యుండిరి. 1992లో దానిని ఖాయిలా పడిన పరిశ్రమగా ప్రకటించిరి. ఒకే చట్టము, ఒకే ఊరు, ఒకే శాస్త్రము, కొంతవరకు ఆ మనుష్యులే. అయినను తల్లి సంస్థ కూలినది, అందు పనినేర్చుకొని బయటకు వచ్చినవారు పెట్టిన సంస్థలు ప్రపంచ విపణికి చేరినవి. వారిలో కల్లం అంజిరెడ్డిగారి పేరు అందరెరిగినదే. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించు రైతు కుమారుడు. పూనా ప్రయోగశాలలో డాక్టరేటు ముగించి, 1969 నుండి 1975 వరకు ఐ.డి.పి.ఎల్.లో ఉద్యోగము చేసి, తరువాత మరి రెండు సంస్థలను నడపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించిరి. మొదట పేరు తెచ్చిన సరకు రక్తపు పోటుకు వాడు మిథైల్ డోపా. అది వారు కనిపెట్టిన మందు కాదు. దానిని చవుకగా, మంచిగా, అడిగిన సమయమునకు తయారుచేయుట వారి విద్య.

ఈ విద్యను గూర్చి చిన్న లెక్క వేసి చూపుట అవసరము. మందు ఒక్క దఫాలో తయారు కాదు. ఒక రసాయనమును మరియొక దానితో కలిపి వండి, వడకట్టి, ఆరబెట్టి, దానిని మరల వేరొక దానితో వండవలెను. అట్లు ఎనిమిది మెట్లున్నవనుకొందము. ప్రతి మెట్టునందును వంద పాళ్లు రావలసినచోట ఎనుబది పాళ్లు మాత్రమే చేతికి వచ్చినచో, ఎనిమిదవ మెట్టు దిగునప్పటికి మిగులునవి పదునేడు పాళ్లు. మెట్టుకు తొంబది రాబట్టగలిగినచో నలుబది మూడు. మెట్టుకు పది పాళ్లు హెచ్చించిన, చివరకు సరకు రెండున్నర రెట్లగుచున్నది! ఆ పది పాళ్లు నోబెల్ బహుమతి తెచ్చు పరిశోధన కాదు. వేడిమి రెండు డిగ్రీలు తగ్గించి చూచుట, గంటసేపు ఎక్కువ కలియబెట్టుట, కడిగిన ద్రావకమును పారబోయక బట్టీపట్టి మరల వాడుకొనుట, రాత్రి వంతు పనివాడు చూచిన సంగతి పగటి వంతు పనివానికి చెప్పు ఏర్పాటు చేయుట, ఇట్టివి. దీనిని శాస్త్రమనవలెనా, నిర్వహణ అనవలెనా? నా అభిప్రాయమున ఈ రెంటికిని మధ్య గీత గీయుటయే పొరపాటు.

మన విపణిలో గెలుచుట ఒక యెత్తు, అమెరికా విపణిలో ప్రవేశించుట మరియొక యెత్తు. అందుకు అవకాశమిచ్చినది విచిత్రముగా అమెరికావారి చట్టమే. 1984లో ఆ దేశము హాచ్-వాక్స్‌మన్ అను శాసనము చేసినది. పేటెంటు తీరిన మందును వేరొకరు తయారుచేయదలచిన, రోగులపై పరీక్షలన్నియు మరల జరుపనక్కరలేదు, తమ మందు మొదటిదానివలెనే శరీరములోనికి ఎక్కుచున్నదని ఋజువు చేసిన చాలును. అంతియే గాక, పేటెంటు చెల్లదని గాని, తమకు వర్తించదని గాని మొదట ధైర్యముగా సవాలు చేసి గెలిచినవారికి 180 దినములు ఇతర అనుకరణదారుల పోటీ లేకుండ అమ్ముకొను అవకాశము. తమ రోగులకు మందు చవుక కావలెనని వారు చేసికొన్న చట్టము మన కార్ఖానాలకు వరమైనది. 2001లో ఫ్లుయాక్సెటిన్ అను మనోవ్యాధి మందు 40 మిల్లీగ్రాముల మోతాదుకు రెడ్డీస్ సంస్థ ఆ 180 దినముల హక్కును పొందినది. భారతీయ సంస్థలలో అట్లు పొందినది అదియే మొదలు.

ఆ సంవత్సరముననే ఫిబ్రవరి మాసములో బొంబాయి సిప్లా సంస్థాధిపతి యూసఫ్ హమీద్‌గారు మూడు ఎయిడ్స్ మందుల మిశ్రమమును ఒక సేవాసంస్థకు రోగి ఒక్కింటికి ఏటికి 350 డాలర్లకు ఇచ్చెదనని ప్రకటించిరి. అప్పటికి పాశ్చాత్య దేశములలో ఆ చికిత్సకు పదివేల డాలర్లకు మించి యగుచుండెను. ఆఫ్రికాలో ఆ మందు లేక చనిపోవుచున్నవారి సంఖ్య లక్షలలో నుండెను. పోటీ సామర్థ్యమను మాట విన్నపుడు లాభనష్టముల పట్టికయే మనకు కన్పట్టును. ఈ సందర్భమున దాని అర్థము ప్రాణములు.

అంతలో ఆట నియమములు మారినవి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడగా, మందులకు వస్తువు పేటెంటు మరల ఇచ్చుటకు మన దేశము ఒప్పుకొనవలసివచ్చెను. పది సంవత్సరముల గడువు తీసికొని 2005లో చట్టమును సవరించిరి. మన పరిశ్రమకు కాలము తీరినదని అనేకులు భయపడిరి. కాని సవరణ చేసినవారు జాగ్రత్తపడిరి. తెలిసిన మందునే కొంచెము రూపు మార్చి, గుణము హెచ్చకుండ, మరల పేటెంటు అడుగరాదని 3(డి) అను నిబంధన చేర్చిరి. రక్తపు క్యాన్సరునకు వాడు గ్లీవెక్ విషయమున 2013 ఏప్రిల్ 1న సుప్రీముకోర్టు ఆ నిబంధననే నిలబెట్టినది. అంతకు ముందు 2012లో మరియొక క్యాన్సరు మందును తయారుచేయుటకు హైదరాబాదు నాట్కో సంస్థకు నిర్బంధ లైసెన్సు ఇచ్చిరి. నెలకు సుమారు 2,80,000 రూపాయలున్న చికిత్స 8,800 రూపాయలకు దిగినది. హక్కుదారునకు అమ్మకముపై నూటికి ఆరు వంతున ప్రతిఫలము ముట్టవలెనని తీర్పు. తలుపు మూసినను కిటికీ తెరచి యుంచుట విధానకర్త నేర్పునకు మంచి ఉదాహరణము. అయితే అట్టి లైసెన్సును మాటిమాటికి వాడిన, క్రొత్త మందు కనిపెట్టుటకు ధనము పెట్టువాడు వెనుకాడునను వాదమును త్రోసిపుచ్చలేము.

క్రొత్త మందు కనిపెట్టు పనికి మన సంస్థలు దిగకపోలేదు. 1997లో రెడ్డీస్‌వారు తమ మధుమేహపు మందొకదానిని డెన్మార్కు దేశపు నోవో నార్డిస్క్ సంస్థకు లైసెన్సుపై ఇచ్చిరి. సొంతముగా కనిపెట్టిన అణువును విదేశమునకు అట్లిచ్చిన భారతీయ సంస్థ అదియే మొదటిది. ఆ మందు చివరకు విపణికి రాలేదు. ఈ పనిలో పది మొదలుపెట్టిన తొమ్మిది మధ్యలోనే ఆగిపోవుట సామాన్యము, ఆ నష్టమును ఓర్చుకొను మూలధనము మనవారికి తక్కువ. దేశము మొత్తముమీద పరిశోధనకు మనము చేయు ఖర్చు జాతీయోత్పత్తిలో నూటికి ఒకటి కూడ లేదు, 2020-21లో 0.64 మాత్రమే. దక్షిణ కొరియా నూటికి ఐదుకు చేరువలో నున్నది. మన వాణిజ్య కుటుంబములలో సొమ్మున్నవారు భూమి, బంగారము, వడ్డీ ఎరుగుదురు గాని, పన్నెండు సంవత్సరములు రాబడి లేని ప్రయోగశాలకు సొమ్ము కట్టుట ఎరుగరు. ఈ వ్రాయువాడును అందుకు మినహాయింపు కాడు.

ఇక అప్రియమైన విషయము. 2013లో మన దేశపు పెద్ద ఔషధ సంస్థ యొకటి, తయారీలో లోపములు, తప్పుడు వివరముల విషయమై అమెరికా న్యాయస్థానములో నేరము ఒప్పుకొని 50 కోట్ల డాలర్లు చెల్లించినది. 2022లో గాంబియా దేశమున పసిపిల్లల మరణములను పురస్కరించుకొని, మన దేశమున తయారైన దగ్గు మందులలో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసియున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చేసినది. ఈ విషమే 1937లో అమెరికాలో నూరుమందికి పైగా ప్రాణములు తీసినది. దాని ఫలితముగా 1938లో వారు కఠిన శాసనము చేసికొనిరి. ఎనుబది సంవత్సరములనాడు లోకమునకు తెలిసిన తప్పు మరల జరుగుటకు విజ్ఞానము లేకపోవుట కారణము కాదు. వచ్చిన పీపాను పరీక్షింపక తొట్టిలో పోయుట కారణము.

చిట్టా, ఆవర్జా వ్రాసిన కుటుంబములవారికి ఇది సులభముగా బోధపడును. ఏనాటి పద్దు ఆనాడే వ్రాయవలెను. కొట్టివేసిన అంకె చదువుటకు వీలుగా ఒక్క గీతతో కొట్టి ప్రక్కన సంతకము చేయవలెను. కాగితము చింపరాదు. ఔషధ కర్మాగారములో వంటకు వంటకు ఉంచవలసిన దస్తావేజు సరిగా ఇట్టిదే. ఏ పీపా ఎవరినుండి వచ్చినది, ఎవరు తూచిరి, ఎన్ని గంటలకు ఎంత వేడిమి, పరీక్షలో ఏమి తేలినది అన్నియు ఆ క్షణముననే వ్రాయవలెను. అమెరికా తనిఖీదారు వచ్చినపుడు మొదట యంత్రమును చూడడు, పుస్తకము చూచును. సాయంత్రము కూర్చుండి ఊహించి నింపిన పుస్తకము అతనికి ఇట్టే తెలియును. మన ప్రభుత్వము కూడ 2023 చివర తయారీ నిబంధనలను సవరించి బిగించినది. చిన్న కార్ఖానాలవారు ఖర్చు భరింపలేమని మొరపెట్టుకొనిరి. వారి కష్టము నిజమే. విషము త్రాగిన బిడ్డ తల్లి కష్టమును నిజమే.

2023-24లో మన ఔషధ ఎగుమతులు 2,700 కోట్ల డాలర్లకు పైబడినవి. ఈ అంకె చూచి సంతోషించుటకు ముందు బిళ్ల లోపలి ద్రవ్యము ఎక్కడిదని అడుగవలెను. దిగుమతి చేసికొను మూలద్రవ్యములలో ఇంచుమించు మూడింట రెండు వంతులు చీనానుండి వచ్చుచున్నవి. పెన్సిలిన్ కథ ఇందులో అన్నిటికంటె చేదు. 1950లలో పింప్రీలో మొదలుపెట్టి, 1990ల ఆరంభమునాటికి పలు కార్ఖానాలలో తయారుచేయుచుండిన పెన్సిలిన్‌ను మనము విడిచిపెట్టితిమి. ఇది వండు మందు కాదు, పులియబెట్టు మందు. పెద్ద ఉక్కు తొట్లలో చక్కెర పాకమునందు బూజును పెంచి, శుద్ధిచేసిన గాలిని రాత్రింబగళ్లు ఊదవలెను. విద్యుత్తు ధర, బూజు రకము, ఎడతెగని శ్రద్ధ, ఈ మూడింటిపై జయాపజయములు ఆధారపడును. చీనావారు ఒక్కొక్క కార్ఖానాను మన కార్ఖానాలు కొన్ని కలిపినంతగా కట్టి, బూజు రకమును మెరుగుపరచి, ధరను పడగొట్టిరి. మనవారికి వారివద్ద కొనుటయే లాభమని తోచెను. ఆనాటికి ఆ లెక్క సరియైనదే. ఒక్కొక్క యజమానికి సరియైన లెక్క దేశమునకు తప్పగుట ఇచ్చట కన్నట్లుగా మరియెచ్చటను కానము.

2020లో కోవిడ్ మహమ్మారి వచ్చి ఓడలు నిలిచిన తరువాత గాని ఈ సంగతి పైవారికి తట్టలేదు. ఆ సంవత్సరము కేంద్ర ప్రభుత్వము మూలద్రవ్యముల తయారీకి 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకము ప్రకటించినది. కార్ఖానా కట్టుటకు ముందుగా సొమ్మివ్వక, తయారుచేసి అమ్మిన సరకుపై మాత్రమే ఇచ్చుట దీని విశేషము. పులియబెట్టి చేయు ద్రవ్యములకు మొదటి నాలుగేండ్లు నూటికి ఇరువది, ఐదవ ఏట పదునైదు, ఆరవ ఏట ఐదు. తరువాత ఏమియు లేదు. ఐ.డి.పి.ఎల్. అనుభవము ఎవరికో జ్ఞాపకమున్నట్లే కన్పట్టుచున్నది.

ఆ పథకము క్రింద కట్టిన పెన్సిలిన్ కర్మాగారము కాకినాడ జిల్లాలోనే, అరబిందో ఫార్మా వారి అనుబంధ సంస్థ పేర, 2024లో పని మొదలుపెట్టినది. దానినుండి తీసిన ద్రవ్యముతోనే అమాక్సిసిలిన్ వంటి మందులు తయారగును. జ్వరము వచ్చిన మన పిల్లలకు వైద్యుడు వ్రాసియిచ్చు ఎర్రని, పసుపుపచ్చని గొట్టము బిళ్లలు అవే. తొట్లలో బూజు పెరుగుట చూచుటకు కొన్ని దినములు చాలును. చీనా ధర మరల ఒక మెట్టు దిగిననాడు మన బిళ్లల తయారీదారులు కాకినాడ సరకును కొందురా, ఓడ సరకును కొందురా అన్నది వారి వారి కొనుగోలు గుమాస్తాల బల్లలమీద, ఇరువది వంతుల ప్రోత్సాహము ఐదుకు దిగిన ఏట తేలును.